శుక్రవారం బాకీ

బ్యాంకు మేనేజరు హేమమాలిని కంప్యూటరు తెరను ఇటు తిప్పి చూపించినప్పుడు బాలకృష్ణయ్యకు మొదట గర్వమే కలిగింది. తెర మీద పెద్ద అక్షరాల్లో 583 అని ఉంది. ఇంటర్మీడియట్ రెండేళ్ళూ కలిపి లెక్కేసినా ఆయనకు అన్ని మార్కులు రాలేదు.

"పర్వాలేదే మేడం," అన్నాడు చొక్కా కాలరు సర్దుకుంటూ.

"ఎన్నిటికి అనుకుంటాండారు సార్?"

"ఆరునూర్లకు గదా?"

"తొమ్మిదినూర్లకు సార్. మీరు అప్పులు కట్టే తీరుకు ఇచ్చే సిబిల్ స్కోరు ఇది, సున్నా నుంచి కూడా మొదలుకాదు. మూడునూర్ల నుంచి మొదలవుతాది."

అంటే ఊరికే పుట్టినందుకే మూడువందలు ఇస్తారన్నమాట. యాభై ఏళ్ళు దాటేదాకా బతికి, అందులో సగానికి పైగా ప్రొద్దుటూరు బట్టల బజారులో అంగడి నడిపి, తను సొంతంగా సంపాదించుకున్నది మిగతా రెండువందల ఎనభై మూడు. ఆ లెక్క తేలాక బాలకృష్ణయ్య కాలరును దాని మానాన వదిలేశాడు.

ఆయన బ్యాంకుకు వచ్చింది అంగడి కోసం. జాకెట్ ముక్కలు, లైనింగులు, చీరల ఫాల్సులు అమ్మే ఆయన మ్యాచింగ్ సెంటరు నడిచేది బాడుగ రూములో. ఆ రూము జమ్మలమడుగులో ఉండే షాహీదాబీది. భర్త ఖాజా పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు ఆమె రూము అమ్మేద్దామనుకుంటోంది. పక్కనే ఉన్న బంగారు అంగడి యజమాని గోడ పగలగొట్టి తన షోరూము పెంచుకోవాలని రొక్కం చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. షాహీదాబీ మాత్రం మర్యాదగా బాలకృష్ణయ్యనే ముందు అడిగింది. రూము పోతే ఆ బజారులో ఇంకో రూము దొరకదు. ఏ రంగు చీర తెచ్చినా దానికి సరిపోయే ముక్కను చూడకుండా చేత్తో తడిమి తీసివ్వగలగడం తప్ప ఆయనకు వేరే విద్య రాదు. అది కూడా ఆ రూములోని బీరువాల ముందు నిలబడితేనే వస్తుంది.

"డబ్బు లేక ఆలస్యం చేసినోళ్ళను చూసినా సార్," అంది హేమమాలిని. "మీ ఖాతా నాకు అర్థం కాలే. నాలుగో తేదీ దాకా ఖాతాలో డబ్బుంటాది. నాలుగో తేదీ సాయంత్రం మీరే తీసేసుకుంటారు. ఐదున కంతు బౌన్స్ అవుతాది. ఆరున మళ్ళీ మీరే తెచ్చి వేస్తారు. స్కూటర్ లోనుకూ అంతే, ఫర్నిచర్ లోనుకూ అంతే. ఏంది సార్ ఇది?"

"ఐదో తేదీ శుక్రవారం పడింటాది మేడం."

"పడితే?"

"శుక్రవారం పూట దుడ్లు బయటికి పంపిస్తామా? లక్ష్మి పోదా?"

హేమమాలిని కలం కింద పెట్టేసింది.

వాళ్ళ ఇళ్ళల్లో శుక్రవారం ఎవరికీ డబ్బు ఇవ్వరు. దీపాలు పెట్టాక అసలే ఇవ్వరు. బాలకృష్ణయ్య తండ్రి కూడా పాటించాడు కానీ, ఆయన పట్టింపు పక్కింటివాళ్ళకు చేబదులు ఇవ్వనంతవరకే. బాలకృష్ణయ్య భక్తి ఎక్కువై ఆ నియమాన్ని బ్యాంకు ఆటో డెబిట్ దాకా తీసుకుపోయాడు. గురువారం సాయంత్రం డబ్బు మొత్తం తీసి ఇంటికి తెచ్చి దేవుడి పటం వెనక పెట్టేవాడు. బ్యాంకు శుక్రవారం వచ్చి ఖాళీ ఖాతా చూసి పోయేది, పోతూ పోతూ ఫైను రాసుకునేది. శుక్రవారం ఒంటరిగా వెళ్ళాల్సిన లక్ష్మిని శనివారం దాకా ఆపి, ఫైను తోడిచ్చి మరీ సాగనంపుతున్నానని ఆయనకు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు. వ్యాపారస్తుణ్ణని చెప్పుకోవడానికి ఇప్పుడు నోరు రాలేదు.

"ఇంకొకటి ఉంది సార్. క్రెడిట్ కార్డు. రెండేండ్ల నుంచి కట్టలేదు."

"అది నేను క్లోజ్ చేసినా కదా మేడం!"

"ఎట్ల క్లోజ్ చేసినారు?"

"కత్తెరతో."

పాతికేళ్ళు గుడ్డలు కోసిన మనిషికి తెలిసిన ముగింపు కత్తెర ఒక్కటే. కార్డును నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసి, ఇక ఆ పీడ వదిలిందనుకున్నాడు. కార్డు మాత్రం ఏడాది రుసుమని, దాని మీద వడ్డీ అని, వడ్డీ మీద ఆలస్య రుసుమని తన దారిన తను పెరుగుతూనే ఉంది.

హేమమాలిని పంటి బిగువున నవ్వు ఆపుకుంటోందని బాలకృష్ణయ్యకు తెలుస్తూనే ఉంది. ఆ స్థానంలో తనుంటే ఆ మాత్రం కూడా ఆపుకునేవాడు కాదు. ఆమె ఓపిగ్గా దారి చెప్పింది. ముందు కార్డు బాకీ తీర్చి బాకీ లేదనే నో డ్యూస్ కాగితం తీసుకోవాలి. ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఒక చిన్న లోను తీసుకుని, ప్రతి నెలా ఐదున ఆటో డెబిట్ జరగనివ్వాలి. వారం వర్జ్యం చూడకూడదు. అలా ఏడాది నడిస్తే స్కోరు ఏడువందలు దాటొచ్చు, అప్పుడు రూము కొనడానికి లోను ఇవ్వొచ్చు.

"ఈలోపల ఇంకెక్కడా లోనుకు అప్లై చేయొద్దండి సార్. అడిగిన ప్రతిసారీ స్కోరు తగ్గుతాది."

ఆ ఆఖరి మాట బాలకృష్ణయ్య చెవిన పడింది కానీ లోపలికి దిగలేదు. ఏడాది అన్న మాట దగ్గరే ఆయన ఆగిపోయాడు. మరుసటి రోజే పులివెందులకు బస్సెక్కాడు. అక్కడ లోన్లు ఇప్పించే యశ్వంత్ అనే కుర్రాడు ఆయన భార్య సుధారాణికి దూరపు బంధువు.

"సిబిల్ గిబిల్ అన్నీ బ్యాంకోళ్ళ బెదిరింపులు మామా," అన్నాడు యశ్వంత్ రెండు ఫోన్లు ఒకేసారి నొక్కుతూ. "నీ పాన్ నంబరు చెప్పు. ఐదు కంపెనీల్లో వేస్తా. ఒగడు గాకపోతే ఇంగొగడు ఇస్తాడు."

ఒగడూ ఇవ్వలేదు, ఇంగొగడూ ఇవ్వలేదు. సాయంత్రానికి ఐదు కంపెనీలూ ఒకరి తర్వాత ఒకరు కాదన్నారు. వారం తర్వాత హేమమాలిని మళ్ళీ తెర తిప్పి చూపిస్తే స్కోరు 561 అయింది. లోను తెచ్చుకోవడానికి బస్సులో పులివెందుల దాకా పోయి, ఇరవై రెండు పాయింట్లు అక్కడ వదిలేసి వచ్చిన ఘనుడు తనే.

"చెప్పినా కదా సార్," అంది ఆమె. ఈసారి నవ్వలేదు.

ఇక మిగిలింది షాహీదాబీని ఏడాది ఆగమని బతిమాలడమే. ఆదివారం అంగడి భార్యకు అప్పగించి జమ్మలమడుగు పోయాడు. షాహీదాబీ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. ముందు గదిలో ఖాజా కుట్టుమిషను మీద పాత దుప్పటి కప్పి ఉంది. ఖాజా ఆ ఊళ్ళో దర్జీ. ఆమె టీ ఇచ్చి, బాలకృష్ణయ్య చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నది.

"సంవత్సరమంటే శానా దూరం శెట్టీ. బంగారు అంగడాయన రేపు రమ్మన్నా రొక్కంతో వస్తాడు."

"నాకు తెలుసక్కా. నా తప్పే. కంతులు లేటుగా కట్టి పేరు చెడగొట్టుకున్యా."

"నిన్నొకటి అడగాలని శానా దినాల నుంచి ఉంది. మా ఆయన బాడుగకు వస్తే శుక్రవారం యాల ఇచ్చేటోడివి కాదు?"

బాలకృష్ణయ్య లక్ష్మి సంగతి చెప్పాడు. బ్యాంకులో చెప్పినప్పటి కంటే చిన్న గొంతుతో చెప్పాడు.

"అదా సంగతి," అందామె. "ఆయనకు శుక్రవారమే సెలవప్పా. జుమ్మా కదా, అంగడి మూసేటోడు. కొత్తల్లో శుక్రవారమే ప్రొద్దుటూరికి వస్తాండె. నువ్వు టీ తాపించి, రేపు రా భాయ్ అని పంపిస్తాంటివి. మళ్ళ శనివారం అంగడి మూసి వస్తాండె. నాలుగైదు మార్లు తిరిగి, ఇంక శనివారమే పోతాండె. శనివారమే గదా దర్జీకి గిరాకీ. కుట్టిన గుడ్డలు తీస్కపోయేకి వచ్చి, మూసిన అంగడి చూసి తిట్టుకుంటా పోయేటోళ్ళు. కొందరు మళ్ళీ రాలే."

"ఎన్నాళ్ళు?"

"ఆయన పోయేదాకా."

ఖాజాకు శనివారం తీరిక కాబోలనుకున్నాడు బాలకృష్ణయ్య అన్నేళ్ళూ. ప్రతిసారీ సమోసా కూడా తెప్పించి, తన మర్యాదకు తనే మురిసిపోయేవాడు.

"నాతో ఒక్క మాట అనలేదే భాయ్."

"ఏమంటాడు? శెట్టి నమ్మకం శెట్టిది, మనకేం పోతాది అనేటోడు. పోతాంది గదా, నీ కండ్లకు కనపల్లేదా అని నేను కొట్లాడేదాన్ని." ఆమె ఖాళీ గ్లాసు అందుకుంది. "సంవత్సరం ఆగుతా. బాడుగ మాత్రం ఫోన్లో వేయొద్దు. నెల్లో మొదటి శుక్రవారం నువ్వే తెచ్చి నా చేతికియ్యాల. జుమ్మా నమాజుకు ముందే. ఆ పొద్దు ఆయన పేరుతో నలుగురికి ఇచ్చుకునేది ఉంటాది. ఒక్క శుక్రవారం తప్పినా బంగారు అంగడాయనకు మాటిచ్చేస్తా. మళ్ళ నన్ను అనొద్దు."

ఆ విధంగా బాలకృష్ణయ్య సంస్కరణ మొదలైంది. కార్డు బాకీ తీర్చి, డిపాజిట్ మీద చిన్న లోను తీసుకున్నాడు. మొదటి శుక్రవారం జేబులో బాడుగ పెట్టుకుని బస్సులో కూర్చుంటే, పక్కన లక్ష్మీదేవే అలిగి కిటికీ వైపు తిరిగి కూర్చున్నట్టు అనిపించింది. కండక్టరు వచ్చాడు. టికెట్టుకు డబ్బు తీసిచ్చాక బాలకృష్ణయ్యకు ఒక అనుమానం పుట్టింది. ఇది శుక్రవారమే కదా, ఈ డబ్బు బయటికి పోలేదా? శుక్రవారం తను తాగిన టీలు, తిన్న మిరపకాయ బజ్జీలు, ఎక్కిన ఆటోలు ఒక్కొక్కటిగా గుర్తుకు వచ్చాయి. వాటికి ఎప్పుడూ అడ్డు చెప్పని లక్ష్మి, అప్పులవాళ్ళ దగ్గరికి వచ్చేసరికే ఎందుకు పేచీ పెట్టిందో అర్థం కాలేదు. నిజానికి బాగానే అర్థమైంది, ఒప్పుకోవడమే కష్టమైంది. దానికంటే పెద్ద దెబ్బ జమ్మలమడుగు దగ్గర పడుతుండగా తగిలింది. శుక్రవారం తన అంగడికి వచ్చి జాకెట్ ముక్కలు కొనే ఆడవాళ్ళందరూ తనలాగే నియమం పాటించి ఉంటే, తను ఏనాడో దుకాణం మూసుకునేవాడు. ఊరందరి ఇళ్ళ నుంచి శుక్రవారం బయలుదేరే లక్ష్మిని రెండు చేతులా గల్లాపెట్టెలో వేసుకుని, తన ఇంటి లక్ష్మిని మాత్రం తాళం వేసి కాపాడుకున్న మహాభక్తుడు. బస్సులో ఒక్కడే గట్టిగా నవ్వాడు. ముందు సీటు ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు.

ఐదో తేదీ మొదటిసారి శుక్రవారం పడినప్పుడు పొద్దున్నే ఫోనుకు మెసేజ్ వచ్చింది, కంతు పోయిందని. జమ్మలమడుగులో బాడుగ ఇచ్చి వచ్చి, రాత్రి దాకా అంగడిలో ఏదో ఒకటి జరుగుతుందని కాచుకుని కూర్చున్నాడు. ఏమీ జరగలేదు. బేరం ఎప్పటిలాగే ఉంది. లక్ష్మి పోయినట్టూ లేదు, మెచ్చుకుని వచ్చినట్టూ లేదు. తన కంతులను ఆమె అసలు పట్టించుకోవడమే లేదని తెలియడం బాలకృష్ణయ్యకు కొంచెం అవమానంగా కూడా అనిపించింది.

నష్టం వేరే వైపు నుంచి వచ్చింది. ఆ తర్వాతి నెలలో సుధారాణికి ఒంట్లో బాగాలేక, జమ్మలమడుగు పోయిన శుక్రవారం అంగడి మూయాల్సి వచ్చింది. రాజుపాలెం నుంచి పెళ్ళివాళ్ళు ముప్పై చీరలు పట్టుకుని వచ్చి, తాళం చూసి ఎదురు అంగడికి పోయారు. సాయంత్రం ఎదురు అంగడివాడు ఆ విషయం పిలిచి మరీ చెప్పాడు. ఇంకొకప్పుడైతే బాలకృష్ణయ్య రాత్రి అన్నం తినకపోయేవాడు. ఆ రోజు మాత్రం గమ్మున షట్టరు ఎత్తి లోపల కూర్చున్నాడు. మూసిన అంగడి ముందు జనం తిరిగిపోతే ఎలా ఉంటుందో ఆయనకు ఒక్క పూటకే తెలిసొచ్చింది.

అసలు పరీక్ష శ్రావణంలో వచ్చింది. మళ్ళీ ఐదో తేదీ శుక్రవారం పడింది, వరలక్ష్మీ వ్రతం కూడా ఆ రోజే వచ్చింది. పీట మీద కలశం పెట్టి, అమ్మవారికి చీర కట్టి, నోట్ల దండ వేసి సుధారాణి పూజకు కూర్చోబోతోంది. తెల్లవారుజామునే బ్యాంకు తన కంతు తను పట్టుకుపోయింది. ఇప్పుడు బాలకృష్ణయ్య బాడుగ డబ్బు జేబులో పెట్టుకుని, పిల్లిలా అడుగులేస్తూ గడప వైపు నడిచాడు.

"యాడికండీ?"

"జమ్మలమడుగుకు."

"ఈ పొద్దా! అమ్మవారిని పీట మీద కూర్చోబెట్టి, మీరు దుడ్లు తీస్కోని బయటికి పోతారా? ఇన్నేండ్లూ మీరే మాకు నేర్పిస్తిరి గదా. ఈ ఒక్కదినం ఆగండి. రేపు పొద్దన్నే ఇచ్చి రాండి."

రేపు అన్న మాట వినగానే బాలకృష్ణయ్య కాళ్ళు అక్కడే ఆగాయి. ఇన్నాళ్ళూ భార్యకు చెప్పని సంగతి అప్పుడు చెప్పాడు. ఖాజా శుక్రవారాల గురించి, ఆయన మూసుకున్న శనివారాల గురించి, తాగించిన టీల గురించి చెప్పాడు.

"రేపు రమ్మని భాయ్‌కు చెప్పినోణ్ణి నేను. ఈ పొద్దు నాకు నేను చెప్పుకోలేను సుధా."

సుధారాణి లేచి వంటింట్లోకి పోయి, డబ్బాలో పూర్ణాలు సర్ది తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఆ తల్లి ఇంటికి పండగ పూట ఉత్త చేతులతో పోతారా? ఇయ్యి ఇచ్చి రాండి. పూజ మీరొచ్చినాక చేసుకుందాం."

ఏడాది తిరిగేసరికి హేమమాలిని తెర తిప్పింది. 731. బాలకృష్ణయ్య ఈసారి ఎన్నిటికని అడగలేదు, కాలరూ సర్దుకోలేదు. లోను మంజూరైంది. షాహీదాబీ మాట మీద నిలబడింది. ప్రొద్దుటూరు రిజిస్ట్రారాఫీసులో సంతకాలు, వేలిముద్రలు అయ్యాయి. అంగడి తనదైంది. కాగితాల సంచి చంకలో పెట్టుకుని బయటికి వచ్చినప్పుడు, ఎగిరి గంతేయకుండా ఉండటానికి ఆయనకు వయసు కొంచెం సాయపడింది.

జిరాక్సు అంగడి ముందు నీడలో షాహీదాబీ ఆటో కోసం నిలబడింది. బాలకృష్ణయ్య దగ్గరికి పోయాడు.

"అక్కా, బంగారు అంగడాయన నాకంటే ఎక్కువ ఇస్తానన్యాడంట గదా. సంవత్సరం నా కోసం యాల ఆగితివి? శుక్రవారం తప్పకుండా వచ్చినాననా?"

"నువ్వు వచ్చినావు, కాదన్ను. వచ్చినందుకు సంతోషమే," అందామె. "ఆగింది మాత్రం దానికి కాదప్పా. ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు చెప్పిపోయినాడు. ఎప్పుడన్నా రూము అమ్మాల్సి వస్తే శెట్టికే ఇయ్యి, ఎంతకాలం ఆగమన్నా ఆగు అన్యాడు. ఆయప్ప లేటు చేస్తాడు గానీ ఎవురికీ ఎగ్గొట్టడు, నమ్మొచ్చు అన్యాడు."

బాలకృష్ణయ్య జేబులో చెయ్యి పెట్టాడు. రిజిస్ట్రేషన్ ఖర్చులకని తెచ్చుకున్నదాంట్లో కొంత మిగిలింది.

"అక్కా, భాయ్ అన్ని శనివారాలు నా కోసం అంగడి మూసుకున్యాడు. దాని లెక్క ఏదో ఒకటి కట్టుకుందాం. ఇంత అని చెప్పు, నేను ఇస్తా."

"అది నాది కాదు శెట్టీ," అంది షాహీదాబీ ఆటో ఎక్కుతూ. "నాకిస్తే ఆయనకు ముట్టదు."

ఆటో వెళ్ళిపోయింది. బాలకృష్ణయ్య చేతిలో డబ్బు పట్టుకుని జిరాక్సు అంగడి ముందు అలాగే నిలబడ్డాడు. కళ్ళల్లో నీళ్ళు ఎండకు వచ్చినవేనని నమ్మించడానికి చుట్టుపక్కల ఎవరూ తనను చూడటం లేదు కూడా. ప్రపంచంలో తనకు అందరికంటే ఎక్కువ మార్కులు వేసిన మనిషి ఖాజా ఒక్కడే. ఆ మనిషి కూడా ఒక్కచోట తప్పు లెక్క వేశాడు. బ్యాంకుకైతే ఆలస్యంగానైనా కట్టాడు, కార్డుకూ కట్టాడు. ఖాజా శనివారాలను మాత్రం బాలకృష్ణయ్య పూర్తిగా ఎగ్గొట్టాడు.